తిరగేసిన కోటు

ఏరు పొంగి బట్టల బజారు మునిగిన ఏడు ఉంది కదా, దాని తర్వాత రెండో ఏడు జరిగిన సంగతి ఇది. ఆ ఊళ్ళో లెక్క అలాగే ఉంటుంది. పెళ్ళయినా, పుట్టుకయినా, అన్నదమ్ముల తగాదా అయినా వరదకి ముందో వెనకో చెబితేనే జనానికి తలకెక్కుతుంది.

పోయిన వారం మనం దర్జీని సినిమా హాలు మెట్ల మీద వదిలి వచ్చాం. లోపల మొదటి ఆట నడుస్తోంది. జనం నవ్వుతున్నారు. నవ్వాల్సిన చోట కాదు. తెర మీద గంటల రాక్షసుడు హీరో గుండెల మీద కత్తితో పొడిచినప్పుడు, కత్తి 'ఠంగ్' మన్నప్పుడు. ఆ నవ్వు తన కుట్టు మూలానేనని దర్జీకి అర్థమై, సీట్లోంచి లేచి బయటికి వచ్చేశాడు.

కొత్తగా చదువుతున్నవాళ్ళు తికమక పడకుండా వెనకటి ముక్క కొంచెం చెప్పుకుందాం.

సినిమా పేరు 'నిన్నటి తలుపు'. తీసింది దర్జీ కోడలు. అంతకుముందు పెళ్ళి వీడియోలు తీసేది. హీరోగా వేసింది బస్సు కండక్టరు. రాక్షసుడిగా వేసింది కసరత్తులు నేర్పే మాస్టరు. రాక్షసుడి ఒంటి మీద పొలుసులన్నీ సోడా మూతలు. కాలం వెనక్కి తీసుకుపోయే తలుపేమో, మూతపడ్డ ఒక గోదాము ఇనప షట్టరు. దాని వెనక దీపాలు పెట్టి పొగ వదిలింది దర్జీ కొడుకు. వాడిది కరెంటు పని.

కథలో హీరో చనిపోయిన తండ్రి పాత కోటు వేసుకుని ఆ తలుపు దాటతాడు. అటువైపు కాలం వెనక్కి పోయింది కాబట్టి మాసిపోయిన కోటు కొత్తదైపోతుంది. రాక్షసుడు గుండెల్లో పొడిస్తే కోటు జేబులో ఉన్న ఇత్తడి గడియారం అడ్డుపడి ప్రాణం నిలబెడుతుంది. ఆలోచన బాగానే ఉంది. చిక్కల్లా కోటు ఒక్కటే కావడం. వరదలో తడవకుండా అటక మీద మిగిలిపోయిన గుడ్డ తాను ముక్కతో కుట్టిన కోటు అది. అలాంటి గుడ్డ మళ్ళీ దొరకలేదు. మాసిన కోటు సీన్లు ముందు తీశారు. గరుకు కాగితంతో రుద్ది, మసి పూసి, బురద పట్టించి దాన్ని చక్కగా పాడు చేసింది దర్జీయే. ఆ తర్వాత కొత్త కోటు కావాలన్నారు.

దర్జీ తన గురువు నేర్పిన పాత పని చేశాడు. కోటు కుట్లన్నీ విప్పాడు. ముక్కలన్నీ తిరగేసి, ఎండ తగలని లోపలి వైపు పైకి వచ్చేలా పెట్టి మళ్ళీ కుట్టాడు. లోపలికి అస్తరు గుడ్డ వేశాడు. కోటు పెళ్ళికొడుకులా మెరిసింది. సెట్టు మీద అందరూ చప్పట్లు కొట్టారు. అయితే గుడ్డ తిరగేస్తే ఎడమ ముక్క కుడికి పోతుంది. దానితోపాటు జేబూ పోతుంది. చేతులకి అలవాటైన పని, చేతులు చేసుకుపోయాయి, తలని అడగలేదు. తీసే రోజు ఇంకెవరైనా చూడకపోయారా అంటే, కత్తి దెబ్బ తగిలిన ప్రతిసారీ రాక్షసుడి సోడా మూతలు ఊడి రాలుతున్నాయి. అందరూ నేల మీద వంగి వాటిని ఏరుకోవడంలో ఉన్నారు.

అలా జేబు కుడివైపు ఉండిపోయింది. కత్తి ఎడమవైపు దిగింది. అయినా తెర మీద గడియారం 'ఠంగ్' మని మోగింది.

ఇక ఈ వారం సంగతి.

బొమ్మ పడి వారం తిరక్కుండానే ఊరు రెండయింది. ఒక పేపరు 'కాలంలో ప్రయాణం, కాలానికి దండగ' అని రాసింది. ఇంకో పేపరు 'చిన్న చేతులు తీసిన పెద్ద కల' అని రాసింది. ఒకే ఇంట్లో అన్న బాగుందన్నాడు, తమ్ముడు డబ్బులు ఏట్లో పారేశానన్నాడు. ఠంగ్ ముక్క ఒక్కటీ ఫోన్లలో ఎక్కి ఊరంతా తిరిగింది. వీధిలో పిల్లలు ఎదురుపడితే పలకరింపు మారిపోయింది. ఒకడు వేలితో ఎదుటివాడి ఎడమ రొమ్ము మీద పొడుస్తాడు, ఎదుటివాడు కుడిచేత్తో కుడి రొమ్ము పట్టుకుని 'ఠంగ్' అని పడిపోతాడు. దర్జీ కొట్టు ముందే రోజంతా పడేవాళ్ళు. ఆయన మిషను పెడలు గట్టిగా తొక్కి ఆ చప్పుడులో తల దాచుకునేవాడు. ఏటికి అవతలి ఊళ్ళో ఇంకా ఘోరం. మొదటి రోజే ఆట మధ్యలో ఆపించి, తెర మీదకి ఏవో విసిరారట.

దర్జీని ఊళ్ళో అందరూ ముడి మామ అంటారు. దారం చివర ముడి పడ్డట్టు నోటికి ముడి పడింది అని. మాట్లాడకపోవడం ఆయనకి కొత్త కాదు. కానీ ఆ వారం ఆయన మౌనం వేరు. ఆ సంగతి భార్య పట్టేసింది.

"ఏంటండీ అలా ఉన్నారు? కంచం ముందు కూర్చుని కూరలో గుండీలు వెతుకుతున్నారా?"

"ఏం లేదు."

"అమ్మో, రెండు మాటలే! జ్వరమేమైనా వచ్చిందా?"

ఆయన తలవంచుకుని తిన్నాడు.

ఏం లేదని ఎలా అనగలడు? హాలు మేనేజరు ఆదివారం దాకా గడువు పెట్టాడు. మధ్యాహ్నం ఆట అయ్యాక చూసినవాళ్ళ చేతికి మైకు ఇస్తానని, వాళ్ళు ఉంచమంటే ఉంచుతానని, లేదంటే మర్నాటి నుంచి వేరే బొమ్మ వేసుకుంటానని చెప్పేశాడు. ఆ కబురు విన్న సాయంత్రం కోడలు వంటింట్లో మొగుడితో అంటున్న మాట దర్జీ చెవిన పడింది. "ఇది దిగిపోతే ఇంకోటి తియ్యను. నా వల్ల కాదు. పెళ్ళి వీడియోలే నాకు రాసిపెట్టి ఉన్నాయి."

అప్పటి నుంచి ఆ మాట ఆయన గొంతులో చేపముల్లులా దిగబడింది. ఆ పిల్ల సినిమా కోసం ఎండలో, బురదలో పడ్డ పాట్లు ఆయన చూశాడు. షట్టరు ముందు పొగలో దగ్గుతూ 'ఇంకోసారి, ఇంకొక్కసారి' అని అరవడం చూశాడు. అంతా చేసి, చివరికి మామగారి సూది వల్ల ఊరంతా నవ్వితే, ఆ పిల్ల కెమెరా అటక మీద పెట్టేస్తే, ఇక ఆ ఇంట్లో తను తలెత్తి ఎలా తిరుగుతాడు? చెప్పేద్దామని రోజూ అనుకుంటాడు. కోడలు ఎదురుపడగానే నోటి ముడి బిగుసుకుంటుంది.

ఆదివారం మధ్యాహ్నం హాలు ముప్పాతిక వంతు నిండింది. సగం మంది బొమ్మ చూడడానికి వచ్చారు, సగం మంది తగువు చూడడానికి వచ్చారు. దర్జీ చివరి వరసలో, తలుపు పక్కన కూర్చున్నాడు. ఠంగ్ దగ్గర నవ్వు ఎప్పటిలాగే లేచింది. అయితే ఈసారి జనం ముందే కాచుకుని, కత్తితోపాటు తామే 'ఠంగ్' అని అరిచారు. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

దీపాలు వెలిగాయి. మేనేజరు మైకు పట్టుకుని తెర ముందుకి వచ్చాడు. పొట్టి మనిషి, గొంతు పొడుగు.

"బాబూ, నవ్వినవాళ్ళు మాట్లాడచ్చు, ఏడ్చినవాళ్ళు మాట్లాడచ్చు. కుర్చీలు మాత్రం పీకకండి. అవి సినిమాలోవి కావు, నావి."

కోడలు తెర పక్కన నిలబడింది. ముందు వరసలో హీరో కండక్టరు, వాడి పక్కన చేతికి కట్టు కట్టుకుని రాక్షసుడు మాస్టరు కూర్చున్నారు. మొదట లేచింది పేపరాయన. 'కాలానికి దండగ' అని రాసింది ఆయనే. సన్నగా, ఆరేసిన చొక్కాలా ఉంటాడు.

"అమ్మా, నాది ఒకటే సందేహం. జేబు కుడివైపు ఉంది. కత్తి దిగింది ఎడమవైపు. మరి మోగిందేంటి? మీ హీరో గుండె ఇత్తడిదా?"

"కండక్టరు కదా సార్, చిల్లర సంచి అయ్యుంటుంది!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు.

హాలు గొల్లుమంది. కండక్టరు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"ఆగండి! నవ్వడానికి తెలివి అక్కర్లేదు!" అంటూ మధ్య వరసలోంచి లెక్కల మాస్టారు లేచాడు. బొమ్మ ఇప్పటికే పలుమార్లు చూసిన మనిషి. "అద్దం ముందు నిలబడి కుడి చెయ్యి ఎత్తండి. అద్దంలోవాడు ఏ చెయ్యి ఎత్తినట్టు కనిపిస్తాడు? ఎడమ చెయ్యి! కాలం తలుపు కూడా అద్దం లాంటిదే. దాటినవాడు అటు ఇటు అయిపోతాడు. అందుకే జేబు కుడివైపుకి వచ్చింది. ఇది చాలా లోతైన విషయం."

"అయితే మాస్టారూ," అన్నాడు పేపరాయన మెల్లగా, "జేబు కుడికి పోతే గుండె కూడా కుడికి పోవాలి కదా?"

"పోయింది! అందుకే ఎడమవైపు పొడిచినా బతికాడు!"

సగం హాలు చప్పట్లు కొట్టింది. మాస్టారు అటూ ఇటూ చూసి తలపంకించాడు.

"మరి ఠంగ్?"

మాస్టారు ఒకసారి తన ఛాతీ తడుముకున్నాడు. "అది... పక్కటెముక."

ఈసారి చప్పట్లు కొట్టినవాళ్ళు కూడా నవ్వారు. రాక్షసుడు మాస్టరుకి నవ్వుతో కట్టు కదిలి 'అబ్బా' అన్నాడు.

"నాకో మాట చెప్పనివ్వండి," అని టీ కొట్టు ఆవిడ లేచింది. "నాకసలు జేబే కనిపించలేదు. ఆ పిల్లాడు అటు వెళ్ళి, తనకంటే చిన్న వయసులో ఉన్న తండ్రిని చూసి, 'నాన్నా, నేను నీకంటే పెద్దవాణ్ణయిపోయాను' అన్నాడు చూడండి. అప్పటి నుంచి నా కళ్ళల్లో నీళ్ళే. ఏడ్చేవాళ్ళకి జేబు ఎటుంటే ఏంటి?"

"ఏడవనివాళ్ళకి కనిపించింది కదమ్మా!"

"ఏడవకపోతే డాక్టరుకి చూపించుకో నాయనా!"

మాటలు పెరిగాయి. కుడివాళ్ళు కొందరు, ఎడమవాళ్ళు కొందరు, ఎముకవాళ్ళు కొందరు. మేనేజరు పొడుగు గొంతుతో అందరినీ ఆపి, మైకు కోడలి చేతిలో పెట్టాడు.

"ఇంత గొడవెందుకు, తీసినావిడ ఇక్కడే ఉంది. చెప్పమ్మా. కావాలని పెట్టావా, పొరపాటా?"

హాలు చెవులు రిక్కించింది. కావాలనే పెట్టానంటే లెక్కల మాస్టారు జట్టు నెత్తిన పెట్టుకుంటుంది. పొరపాటంటే పేపరాయన జట్టు ఇంకో వారం నవ్వుకుంటుంది. కోడలు మైకు తీగ వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్ళీ చుట్టుకుంటోంది. చివరి వరసలోంచి దర్జీకి మొహం సరిగా కనిపించలేదు గానీ ఆ వేళ్ళు కనిపించాయి. ఆయన బతుకంతా వేళ్ళనే చూశాడు. ఆ వేళ్ళు అబద్ధం చెప్పలేవు, నిజం తెలియక తడబడుతున్నాయి అనుకున్నాడు.

లేచి నిలబడ్డాడు.

"కోటు నాది," అన్నాడు.

"ఎవరది? గట్టిగా!"

"ముడి మామ! ముడి మామ మాట్లాడుతున్నాడు! మైకు ఇవ్వండ్రా!"

"ఏరు ఎంతదాకా వచ్చిందో ఎవరైనా చూసి రండ్రా, మామ నోరు తెరిచాడు!"

మైకు చేతులు మారుతూ వెనక్కి వచ్చింది. ఆయన దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక ఇస్త్రీ పెట్టె పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"గుడ్డ ఒక్కటే ఉంది. కోటు మాసింది. తిరగేసి కుట్టాను. తిరగేస్తే జేబు అటు పోతుంది. నాకు తట్టలేదు." అయిపోయిందేమో అనుకున్నారు. "అమ్మాయికి ఏమీ తెలీదు. నవ్వితే నన్ను చూసి నవ్వండి. బొమ్మని కాదు."

కూర్చున్నాడు.

ముందు లేచింది లెక్కల మాస్టారే. ఆయనకి ఒళ్ళు మండిపోయింది.

"అలా ఎలా అంటారండీ మీరు? వారం రోజులుగా ఊరంతటికీ నేను విడమరిచి చెబుతుంటే, ఇప్పుడొచ్చి తట్టలేదంటారా?"

"తట్టలేదు," అన్నాడు దర్జీ, మైకు లేకుండానే.

"కుట్టింది మీరే కావచ్చు. కుట్టినంత మాత్రాన అర్థం మీకు తెలియాలని ఎక్కడుంది?"

"బాగుంది మాస్టారూ," అన్నాడు పేపరాయన. "కుట్టినాయన కంటే చూసినాయనకే ఎక్కువ తెలుసంటారు."

"అంటాను!"

"మామగారూ, కాదని ఒక్క మాట చెప్పండి, పుణ్యముంటుంది."

"నా మాటలు అయిపోయాయి," అన్నాడు దర్జీ.

హాలు మళ్ళీ నవ్వింది. కానీ ఇది వారమంతా వీధిలో వినిపించిన నవ్వు కాదు. ఎవరో ఆయన భుజం తట్టారు. ఇంకెవరో మంచినీళ్ళ సీసా అందించారు. ముందు వైపు నుంచి ఒక ముసలావిడ, "ఏదీ, ఆ కోటు ఎక్కడుందో చూపించండి," అంది. కోటు హాలు వరండాలో, పోస్టరు పక్కన తగిలించి ఉంది. మేనేజరే వెళ్ళి తెచ్చాడు. అది చేతులు మారింది. ఆడవాళ్ళు అస్తరు పైకెత్తి లోపలి మాసిన రంగు చూశారు, బయటి రంగు చూశారు. ముసలావిడ గుడ్డని కళ్ళ దగ్గరికి పెట్టుకుని, "మా ఆయన కోటు మా అత్తగారు ఇలాగే తిరగేసి కుట్టేది. జేబు కుడివైపే ఉండేది. ఇరవై ఏళ్ళు ఆయన పెన్ను ఎడమ చేత్తో తీసుకున్నాడు. మా పెళ్ళి ఫోటోలో కూడా అంతే," అంది. పక్కనున్న ఇంకో ముసలాయన తనకీ అలాంటి కోటు ఉండేదన్నాడు. పిల్లలు అడిగారు, కోటు ఎందుకు తిరగేస్తారని. కొత్తది కొనలేక అని ఆయన చెప్పాడు. దాని మీద ఇంకో కబురు, ఇంకో కబురు.

"అయితే ఇంకోసారి చూడాలి," అన్నాడు నవ్వినవాళ్ళలో ఒకడు. "ఈసారి కోటునే చూస్తా."

"నేను ఎముకని చూస్తా!"

మేనేజరు గాలి ఎటు వీస్తోందో తెలిసిన మనిషి. కుర్చీల వైపు ఒకసారి చూసుకున్నాడు. ఒక్కటీ విరగలేదు.

"బొమ్మ ఇంకో వారం ఉంటుంది," అన్నాడు. "తగువు తేలేదాకా ఉంటుంది. తొందరపడి ఎవరూ తేల్చకండి."

చప్పట్లు, ఈలలు. పేపరాయన మాత్రం చెయ్యెత్తాడు. "నేను రాసింది వెనక్కి తీసుకోను. రెండో సగం సాగింది."

"సాగింది సార్," అంది కోడలు. "నాకూ తెలుసు."

జనం ఖాళీ అయ్యాక మామాకోడళ్ళు హాలు మెట్ల మీద కూర్చున్నారు. ఎండ మెత్తబడింది. టీ కొట్టు ఆవిడ అడక్కుండానే రెండు టీలు పంపింది. దర్జీ గ్లాసు రెండు చేతుల మధ్య పెట్టుకుని చెప్పుల వైపు చూస్తున్నాడు.

"ఎందుకు లేచారు మామయ్యా?"

ఆయన గ్లాసు ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"నన్ను చెప్పనివ్వలేదు మీరు."

"ఏం చెప్పేదానివి?"

"పొరపాటేనని. మీ పేరు రాకుండా ఎలా చెప్పాలా అని చూస్తున్నాను. అంతలో మీరు లేచారు."

ఆయన తలెత్తాడు. "నీకు తెలుసా?"

"ఎడిటింగులో కనిపించింది. మొదటి రోజే." కోడలు టీ ఊదుకుంది. "కత్తి దిగే ముక్కలో రాక్షసుడి చెయ్యి జేబుకి అడ్డం వచ్చింది. ఆ ముక్క ఒక్కటీ అద్దంలో తిప్పినట్టు తిప్పేస్తే కత్తి కుడివైపు దిగినట్టుంటుంది, ఒక్క నొక్కుడు. తిప్పి చూశాను కూడా. అప్పుడు వెనకాల గడియార స్తంభం మీద అంకెలన్నీ తిరగబడ్డాయి. ముల్లు వెనక్కి నడుస్తోంది. పోనీ మళ్ళీ తీద్దామంటే అప్పటికి రాక్షసుడికి చెయ్యి విరిగింది. సరేలే, ఎవరు చూస్తారు అనుకున్నా. ఊరంతా చూసింది."

"నాకు చెప్పచ్చుగా."

"చెబితే? సూది కింద పెట్టేసేవారు. మీ సంగతి నాకు తెలీదా? పెళ్ళయిన కొత్తలో నా జాకెట్టు చంకలో బిగువుగా ఉందని ఒక్క మాటన్నాను. నెల్లాళ్ళు ఆడవాళ్ళ బట్టలే ముట్టుకోలేదు మీరు. అత్తయ్య నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది."

"బిగువు కాదు," అన్నాడు దర్జీ. "నువ్వే చెయ్యి పైకెత్తి కొలతిచ్చావు."

కోడలు పకపకా నవ్వింది. ఆ నవ్వు వినగానే ఆయన గొంతులో ముల్లు కదిలింది. ఇంకొక్క మాట మిగిలిపోయింది. అదీ అడిగేస్తే తప్ప అది దిగదు.

"ఇంకో సినిమా తియ్యనన్నావు. విన్నాను."

"అదా?" కోడలు గ్లాసు మెట్టు మీద పెట్టింది. "అది జేబు గురించి కాదు మామయ్యా. రెండో సగం సాగిందని. అది నా తప్పు, నా ఒక్కదానిదే. తెర మీద చూస్తుంటే సిగ్గేసింది. జేబుకి సిగ్గెందుకు? ఈ వారం రోజులూ జనం జేబు చూసి నవ్వుతూ నా రెండో సగం మర్చిపోయారు. నిజం చెప్పాలంటే మీ కోటే బొమ్మని మోసింది."

"అయితే తీస్తావా?"

"తీస్తాను. ఈసారి సాగనివ్వను. ఎక్కడ సాగిందో మీరే చెప్పాలి. వదులైన చోట పట్టి కుట్టడం మీకు తెలిసినంత నాకు తెలీదు."

దర్జీ గ్లాసు ఎత్తాడు. టీ చల్లారిపోయింది. అయినా గుక్క తిప్పుకోకుండా తాగేశాడు. వారం రోజుల తర్వాత ఆయన గొంతులోంచి ఏదైనా అడ్డం లేకుండా దిగింది అప్పుడే. ఇన్నాళ్ళూ వంచుకున్న వీపు నిటారుగా పెట్టి, వీధిలో పడిపోతున్న ఠంగ్ పిల్లల్ని చూసి, ఒకడు సరిగా పడలేదని చేత్తో సైగ చేశాడు కూడా.

సరిగ్గా అప్పుడు మేనేజరు ఫోను పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు. మొహంలో ఇందాకటి వెలుగు లేదు.

"అవతలి ఊరి హాలు ఓనరు చేశాడు. ఇందాక మామ మాట్లాడింది ఎవడో ఫోన్లో తీసి పంపాడట. వాళ్ళ ఊరంతా చూసింది."

"చూసి?" అంది కోడలు.

"దర్జీని రేపు పొద్దున పంపమంటున్నారు. హాలు దగ్గరికి."

"ఎందుకు?"

"అది చెప్పలేదమ్మా. 'పంపండి, మేం చూసుకుంటాం' అన్నాడు. వెనకాల ఒకటే కేకలు."

"చూసుకుంటాం అంటే?"

మేనేజరు భుజాలెగరేశాడు. రమ్మన్నది చెయ్యి కలపడానికో, చెయ్యి చేసుకోవడానికో ఆ కేకల్లో ఆయనకీ తెలియలేదు. పక్కనే నిలబడ్డ కండక్టరు గొంతు సవరించుకున్నాడు.

"మామా, ఆ రూటు డ్యూటీ నేను మార్చుకున్నాను. మొదటి ఆట పడిన రోజు నుంచీ. ఇంతకంటే చెప్పను."

"మామయ్య వెళ్ళరు," అంది కోడలు. "తీసింది నేను. తిట్టేదేదో నన్నే తిట్టనివ్వండి. పొద్దున నేనే వెళ్తాను. విన్నారా మామయ్యా?"

దర్జీ తల ఊపాడు. ఆయన తల ఊపితే సరేనని అర్థం కాదు. విన్నానని అర్థం. ఆ తేడా ప్రపంచంలో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి అప్పుడు అక్కడ లేదు.

మర్నాడు పొద్దున ఆ మనిషి, అంటే ఆయన భార్య, లేచి చూసేసరికి దర్జీ స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, హాలు నుంచి తెచ్చిన కోటుని ఇస్త్రీ చేస్తున్నాడు. కోడలి గది తలుపు ఇంకా వేసే ఉంది.

"వెళ్తున్నారన్నమాట."

"ఊఁ."

"ఆ పిల్లకి చెప్పారా?"

"ఊహూఁ."

"అక్కడికి పోయి ఏం మాట్లాడతారు మీరు?"

ఆయన పెట్టె పక్కన పెట్టి ఆలోచించాడు. తెలియదన్నట్టు చేతులు తిప్పాడు.

భార్య దగ్గరికి వచ్చి చొక్కా కాలరు సర్దింది. "ఇన్నేళ్ళూ మీ వాటా మాటలు కూడా నేనే మాట్లాడాను. ఇవాళ ఒక్కరోజు నా వాటా కూడా కలిపి మీరు మాట్లాడి రండి," అంది. తర్వాత గొంతు తగ్గించి, "దెబ్బలు తగలనివ్వకండి," అంది.

ఆయన కోటు మడిచి చేతి మీద వేసుకుని మొదటి బస్సు ఎక్కాడు. బస్సు వంతెన దాటింది. కింద ఏరు సన్నగా, ఎవరి జోలికీ పోనిదానిలా పారుతోంది. అవతలి గట్టు మలుపు తిరగగానే హాలు కనిపించింది. హాలు ముందు జనం కనిపించారు. మెట్ల మీద, రోడ్డు మీద, గోడ మీద. ఆడా మగా, పిల్లా పెద్దా. బస్సుని చూసి అందరూ లేచి నిలబడ్డారు. ఒక్కరూ నవ్వడం లేదు.

"దిగేవాళ్ళున్నారా?" అని అడిగాడు ఆ బస్సు కండక్టరు, జనం మీంచి చూపు తిప్పకుండానే.

దర్జీ లేచాడు. కోటు చేతి మీద పట్టుకుని మెట్టు దిగాడు. జనం దారి ఇవ్వలేదు, అడ్డమూ రాలేదు. ముందు నిలబడ్డ పొడుగాటి మనిషి ఏదో అడగడానికి నోరు తెరిచాడు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు ఎవరూ అడక్కముందే తనంతట తాను మాట్లాడడం దర్జీకి అదే మొదలు.

"కుట్టింది నేనే," అన్నాడు. "చెప్పండి."